బాకీల శనివారం

నవంబరు 3, సోమవారం

నేను పనిచేసే ఐసు ఫ్యాక్టరీ వాళ్లు జనవరిలో పంచిన డైరీ ఇది. అట్ట మీద ఓనరు గారి ఫోటో. ఇన్నాళ్లూ బీరువాలో చీరల కింద పడి ఉంది. ఇవాళ ఎందుకు తీశానంటే, నేను మాట్లాడాల్సిన మనిషి లారీ తోలుకుంటూ ఒరిస్సాలో ఎక్కడో ఉన్నాడు. సిగ్నల్ దొరికితే ఫోన్ చేసి "తిన్నావా?" అంటాడు. "తిన్నా" అంటాను. అంతటితో సరి. మిగతాది ఇక్కడ రాసుకుంటాను.

అత్తమ్మకు చెప్పొచ్చు. కానీ మా అత్తమ్మ మగ్దలీనమ్మకు పొద్దున చెప్పిన మాట సాయంత్రానికి మైపాడు బీచిలో వలలు బాగుచేసుకునే వాళ్లందరికీ తెలిసిపోతుంది.

సంగతేమిటంటే, ఓబులేసు అన్న ఐసు కోసం ఫ్యాక్టరీకి వచ్చాడు. కృష్ణపట్నం ప్లాంటుకు మనుషుల్ని చేరవేసే కాంట్రాక్టరు దగ్గర ఆయన సూపర్‌వైజరు. టోకెను తీసుకుంటూ అన్నాడు. "ఏం అబిగయీలమ్మా, మీ వ్యాను ఇంటి ముందర కోళ్లకు నీడ ఇస్తా ఉంది గదా. మా ప్లాంటుకు పెట్టకూడదా? డిసెంబరు నడిమికి ఒక బండి కావాల. పొద్దున నెల్లూరులో ఎక్కించుకోవడం, సాయంత్రం దించడం. సుశీలు ఆ లారీ మానేసి రాత్రికి ఇంట్లో ఉంటాడు."

డీజిలు మనమే పోసుకోవాలి. చేసిన పనికి డబ్బు మరుసటి నెల మొదట్లో ఇస్తారు. డీజిలు లేదని నడిమధ్యలో బండి ఆపేసిన వాళ్లతో కాంట్రాక్టరు విసిగిపోయాడట. అందుకని డీజిలుకు కార్డు ఉన్నవాళ్లనే తీసుకుంటాడు. డిసెంబరు పదిహేనో తేదీలోపు కార్డు చూపించకపోతే ఆ పని ఇంకొకరికి.

నాకు ముఖ్యం రాబడి. ఆయన రాత్రికి ఇంట్లో ఉంటాడన్నది తర్వాతి సంగతి. ఆయన లేని ఇల్లు ఎంత ప్రశాంతంగా ఉందో! గురక లేదు. కూరలో ఉప్పు తగ్గిందని మూతి ముడిచేవాళ్లు లేరు. స్నానం చేసి తడి తువ్వాలు మంచం మీద పడేసేవాళ్లు లేరు.

నవంబరు 4

ఫోన్‌లో చెప్పాను. "నిజంగానా మే?" అన్నాడు. అంతలో సిగ్నల్ పోయింది.

నవంబరు 6, గురువారం

సెలవు పెట్టి నెల్లూరు బ్యాంకుకు వెళ్లాను. కార్డులు చూసే ఆయన పేరు హరినాథ్. మర్యాదస్థుడు, కుర్చీ చూపించాడు. సుశీల్ కుమార్ పేరు కొట్టి క్రెడిట్ స్కోరు చూశాడు. ఆరు వందల అరవై రెండు.

"మంచిదేనా సార్?"

"బాగుందనీ చెప్పలేనమ్మా, బాలేదనీ చెప్పలేను. నడిమి రకం."

మా ఆయన గురించి పెళ్లిచూపుల నాడు మా నాన్న కూడా ఇదే మాట అన్నాడు.

నడిమి రకం వాళ్లకు ఏ కార్డు దొరుకుతుందో ఓపికగా చెప్పాడు. క్రెడిట్ కార్డు అయితే సులువు. కొంచెం డబ్బు డిపాజిట్ వేస్తే, దాన్ని హామీగా పెట్టుకుని చిన్న పరిమితితో ఇచ్చేస్తారు. బిల్లు మొత్తం కట్టలేని నెల అందులో కాస్త కడితే చాలు, మిగతాది వడ్డీతో పై నెలకు జరుగుతుంది. ఇంకొకటి ఛార్జ్ కార్డు. లారీల వాళ్లు, వ్యాన్ల వాళ్లు డీజిలుకు వాడతారు. దాని మీద ఇంతవరకే అని పరిమితి వేసి ఉండదు, బండి తిరిగినంత పోసుకోవచ్చు. కానీ నెల బిల్లు రాగానే మొత్తం ఒకేసారి కట్టాలి. కాస్త కట్టి కాస్త జరపడం కుదరదు.

"మొత్తం కట్టే మనిషా కాదా అని ముందే గట్టిగా చూస్తారమ్మా. అందుకని మీ స్కోరుకు ఛార్జ్ కార్డు రావడం కష్టం. క్రెడిట్ కార్డు తీసుకోండి."

ఆ చిన్న పరిమితి మా వ్యానుకు రెండు వారాలకు కూడా చాలదు. పైగా వడ్డీ, జరపడం అంటే మా అత్తమ్మ గడప దాటనివ్వదు.

"మాకు పైసా అప్పు లేదు సార్. మా ఇంట్లో అదొక నియమం" అన్నాను గొప్పగా.

ఆయన తెర నా వైపు తిప్పాడు. "మరి ఈ వ్యాన్ లోను సంగతేంది? పూర్తిగా కట్టలేదని ఉండాదే."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

నవంబరు 7

కోపంగా ఉంది. ఎవరి మీదో తెలియడం లేదు. వరసగా రాస్తే తేలుతుందేమో.

నెలలో మొదటి ఆదివారం మా చర్చిలో ప్రభువు బల్ల. దానికి ముందురోజును మా ఇంట్లో బాకీల శనివారం అంటాం. ఆ సాయంత్రం అత్తమ్మ చేతిసంచి పట్టుకుని బయల్దేరుతుంది. పాలు, అంగడి, ఇస్త్రీ, పక్కింటి నుంచి తెచ్చుకున్న గుప్పెడు కరివేపాకుతో సహా అన్నీ తీర్చేసి వస్తుంది. ఒకరికి బాకీ ఉండి ఆ రొట్టె, ద్రాక్షారసం ముట్టుకోకూడదని ఆవిడ పట్టుదల. చర్చి అయ్యగారు కూడా ఇంత కఠినంగా ఎప్పుడూ చెప్పలేదు.

మా వ్యాను బడి పిల్లల్ని తిప్పేది. కరోనాలో బడులు మూతపడ్డాయి. వ్యాను తిరగలేదు, వాయిదాలు ఆగిపోయాయి. సరిగ్గా ఒక బాకీల శనివారం నాడు ఫైనాన్స్ మనిషి వచ్చాడు. మేమిద్దరం ఇంట్లో లేము. "ఇంత కట్టేయండమ్మా, మిగతా పద్దెనిమిది వేలు మాఫీ చేస్తాం, లోను ముగిసిపోద్ది" అన్నాడట. అత్తమ్మ దాచుకున్నదంతా తెచ్చి ఇచ్చేసింది. మర్నాడు చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పింది. ప్రభువు ఫైనాన్స్ వాడి గుండెను కూడా కరిగించాడని. చర్చి అంతా చప్పట్లు. పైన కృతజ్ఞత కానుక కూడా వేశాం.

ఆ మాఫీయే మచ్చ. ఇవ్వాల్సింది తగ్గించి ఇచ్చారు అని బ్యాంకుల లెక్కల్లో రాసుకున్నారు. లోకమంతా అప్పు ఎగ్గొట్టి పేరు చెడగొట్టుకుంటుంది. మేము ఆదివారంలోపు తీర్చాలని తొందరపడి చెడగొట్టుకున్నాం.

కోపం ఎవరి మీదో ఇప్పుడూ తేలలేదు. నవ్వు మాత్రం వస్తోంది.

నవంబరు 9, ఆదివారం

చర్చి నుంచి వచ్చాక అత్తమ్మకు చెప్పాను. చిక్కుడుకాయలు ఒలుస్తూ విన్నది. ఒలవడం ఆపేసింది.

"అంటే ఇన్నేండ్లు నేను బాకీతో బల్లకు పోయినానా?"

"వాళ్లే వద్దన్నారు గదా అత్తమ్మా."

"వద్దన్నోడు రాసి పెట్టుకుంటాడా? మర్చిపోతాడు గానీ!"

ఈ మాట హరినాథ్ గారు వినాల్సింది.

నవంబరు 10

అత్తమ్మ పొట్టేలును అమ్మేసింది. క్రిస్మస్ కోసం ఉగాది నుంచి అవిసాకు పెట్టి, బిడ్డలాగా పెంచుకున్నది. మాంసం అంగడి పెంచల్ వచ్చి తోలుకుపోతుంటే అది వెనక్కి చూసింది, ఆవిడ చూడలేదు. లోపలికి వచ్చి, "ఈ పండక్కు చేపల పులుసే. యేసుప్రభువు తిన్నది కూడా చేపలే" అన్నది. పొట్టేలు డబ్బుకు తన దగ్గరున్నది కలిపి పద్దెనిమిది వేలు చేతిసంచిలో పెట్టి జిప్పు లాగింది.

ఫైనాన్స్ కంపెనీకి ఫోన్ చేశాను. మాఫీ చేసింది కడతామంటే అవతలి అమ్మాయికి అర్థం కాలేదు. మూడుసార్లు చెప్పాను. "ఇట్టా ఎవరూ అడగలేదు మేడమ్. కనుక్కుని మా మనిషిని ఇంటికి పంపిస్తాం" అన్నది.

నవంబరు 15, శనివారం

నిన్న సాయంత్రం ఆయన వచ్చాడు. ఇవాళ మధ్యాహ్నం మళ్లీ వెళ్లిపోయాడు. లారీ ఓనరు మద్రాసు లోడు అన్నాడు.

ఉన్న కాసేపట్లో బ్యాంకుకు తీసుకెళ్లి ఛార్జ్ కార్డు కాగితాల మీద సంతకాలు పెట్టించాను. హరినాథ్ గారు "అప్లై చేద్దాం. ఆ పాత లోను తీరినట్టు ఉత్తరం తెండి. మనిషిని పంపించి వీధిలో విచారిస్తారు. దాని మీదనే ఆశ" అన్నాడు.

బస్సులో ఆయన నా భుజం మీద తల పెట్టి నిద్రపోయాడు. ఇందుకూరుపేట దగ్గర గతుకుకు మేలుకుని "యాడికి వచ్చినాం? బాలాసోరా?" అన్నాడు. బస్సులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక బాత్‌రూములోకి వెళ్లి కుళాయి తిప్పి కాసేపు నిలబడ్డాను. కళ్లలో దుమ్ము పడింది.

తడి తువ్వాలు మంచం మీద పడేశాడు. బాగా తిట్టాను.

నవంబరు 17

తువ్వాలు ఇంకా ఉతకలేదు. నీళ్ల మోటారు సరిగా లేదు.

నవంబరు 21

ముసురు. పడవలు లేవు, ఐసు అడిగేవాళ్లు లేరు. తువ్వాలు ఉతికినా ఆరదు. అందుకే ఉతకలేదు.

నవంబరు 29

ఫైనాన్స్ మనిషి రాలేదు. బ్యాంకు మనిషీ రాలేదు. ఓబులేసు అన్న కనబడి "ఏమైంది?" అన్నాడు. పక్క ఊరి ట్రావెలర్ బండి వాడు కూడా ఆ పని అడుగుతున్నాడట.

రాకపోతే రాకపోనీ. ఎన్ని ఇళ్లలో మగవాళ్లు లారీల మీద లేరు? అలవాటైన పనే కదా. నాకేం.

డిసెంబరు 6, బాకీల శనివారం

ఇవాళ్టిది మొత్తం రాయాలి. చెయ్యి నొప్పి పుట్టినా సరే.

ఎండ వచ్చింది. నేను ఫ్యాక్టరీ కౌంటరులో టోకెన్లు కొడుతున్నాను. సాయంత్రం అవుతుండగా రోడ్డు మీద కేకలు. తల ఎత్తి చూస్తే ఒక మోటారు సైకిలు మెల్లగా పోతోంది. దాని వెనక కడ్డీ పట్టుకుని మా అత్తమ్మ! డెబ్బై దాటిన మనిషి, చెప్పులు ఒక చేతిలో, చేతిసంచి చంకలో, పరుగు. అంగడి ధనలక్ష్మక్క, ఇస్త్రీ అతను, చిన్నా పెద్దా అందరూ వెనక.

"ఆగు నాయనా! ఇన్ని దినాలు యాడికి బోయినావు? రేపు బల్ల! డబ్బు తీసుకోని పో!"

"నాకెందుకమ్మా డబ్బు! వదలమ్మా, పడతావు!"

"ఎందుకేంది? నీదే గదా! మాఫీ లేదు ఏమీ లేదు, పట్టుకో!"

బండి మా ఫ్యాక్టరీ ఐసు నీళ్లలో జారి ఆగింది. నేను పరుగెత్తాను. హెల్మెట్టు తీసిన మనిషి ముఖంలో నెత్తురు చుక్క లేదు. మెడలో బ్యాంకు వాళ్ల గుర్తింపు కార్డు వేలాడుతోంది. నరేంద్రబాబు, విచారణ అధికారి. ఛార్జ్ కార్డు కోసం మా గురించి కనుక్కోవడానికి వచ్చినాయన! ధనలక్ష్మక్క అంగట్లో "సుశీల్ కుమార్ ఇల్లెక్కడ? వ్యాన్ లోను విషయం" అన్నాడట. బాకీ తీర్చడానికి అక్కడే ఉన్న అత్తమ్మ ఆ మాట వినగానే, ఫైనాన్స్ మనిషి వచ్చాడనుకుని సంచి తీసి నోట్లు ఆయన జేబులో కుక్కబోయింది. ఆయన భయపడి బండెక్కాడు. ఈవిడ వదల్లేదు.

నా పని అయిపోయిందనుకున్నాను. కార్డూ పోయింది, కాంట్రాక్టూ పోయింది. ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, చన్నీళ్లు ఇచ్చి, జరిగిందంతా చెప్పాను. బల్ల, బాకీల శనివారం, మాఫీ, పొట్టేలు. ఆయన వింటూ వింటూ ముఖానికి చేతులు అడ్డం పెట్టుకున్నాడు. ఏడుస్తున్నాడేమో అనుకున్నా. నవ్వుతున్నాడు.

"పన్నెండేండ్లుగా ఈ పని చేస్తుండానమ్మా. నన్ను చూస్తే జనం దొడ్డిదోవన పారిపోతారు. నా వెంటబడింది మాత్రం మీ అత్తమ్మ ఒక్కతే."

ధనలక్ష్మక్క ఊరుకుంటుందా? "సామీ, మా అంగట్లో అందరి ఖాతా పైనెలకు పోద్ది. ఈమెది పోదు. మొన్నొకసారి చిల్లర లేక నేనే రూపాయి బాకీ పడితే, నా బాకీ నాకు గుర్తుచేసి మాఫీ చేసి, బాకీ లేదని రసీదు రాసుకోమనింది" అన్నది. ఇస్త్రీ అతను తన వంతు తను చెప్పాడు. ఆయన అన్నీ ఫోన్‌లో రాసుకున్నాడు.

అత్తమ్మకు ఇంకా అనుమానమే. "ఇంతకీ నువ్వు ఇచ్చే కార్డు ఎట్టాంటిది నాయనా? కాస్త కట్టి కాస్త మిగుల్చుకునేదా?"

"అది క్రెడిట్ కార్డమ్మా. ఇది అట్టా గాదు. నెల తిరిగితే మొత్తం కట్టాల."

"మొత్తమా?"

"పైసాతో సహా."

"అయితే అది మా కార్డే" అన్నది అత్తమ్మ, అప్పుడు చెప్పులు కింద పెట్టి వేసుకుంది.

డిసెంబరు 7, ఆదివారం

అసలు ఫైనాన్స్ మనిషి రానే లేదు. అత్తమ్మ బల్లకు ముందుకు వెళ్లలేదు. వెనక వరసలో కూర్చుని చేతిసంచి ఒళ్లో పెట్టుకుంది. నేను ఒక్కదాన్నే వెళ్లి వచ్చాను.

డిసెంబరు 8, సోమవారం

"వాళ్లు రాకపోతే మనం పోతాం" అన్నది. పొద్దున మొదటి బస్సుకే నెల్లూరు. ఆ ఆఫీసు వేరే వీధికి మారింది, అడుగుతూ అడుగుతూ పట్టుకున్నాం. మేనేజరు రెండుసార్లు కళ్లజోడు తుడుచుకుని, ఎవరికెవరికో ఫోన్ చేసి, చివరికి డబ్బు తీసుకున్నాడు. బాకీ పూర్తిగా తీరిందని ముద్ర వేసి ఉత్తరం ఇచ్చాడు. అత్తమ్మ దాన్ని తిప్పి చూసి, "ఈసారైనా మర్చిపోతారా?" అని అడిగింది.

అటునుంచి అటే హరినాథ్ గారికి ఇచ్చేశాం. స్కోరు పెరగడానికి నెల పైన పడుతుందట. కానీ నరేంద్రబాబు గారి రిపోర్టు వచ్చిందని, ఇన్నేళ్లలో అలాంటిది చదవలేదని అన్నాడు. ఏం రాశాడో చెప్పలేదు. అత్తమ్మను చూసి లేచి నిలబడ్డాడు మాత్రం.

ఇంటికొచ్చే బస్సులో అత్తమ్మ పాట పాడింది. శ్రుతి లేదు. అయినా చివరి చరణం దాకా పాడింది.

డిసెంబరు 12

వచ్చింది!! కార్డు వచ్చింది! మొదటి మూడు నెలలు ఇంతవరకే అని పరిమితి పెడతారట, తర్వాత మామూలే. వచ్చింది!

డిసెంబరు 14, ఆదివారం

ఆయన వచ్చేశాడు. లారీ తాళాలు ఓనరు చేతిలో పెట్టి, దుప్పటి, స్టవ్వు, దేవుని వాక్యం స్టిక్కరు అన్నీ మూట కట్టుకుని వచ్చేశాడు. వ్యాను కింద పెట్టిన కోడి గుడ్లు తీసి, బండి కడిగి, సాయంత్రానికి మెరిపించాడు. రేపు పొద్దున డ్యూటీ.

డిసెంబరు 15

వెళ్లాడు. వచ్చాడు. సాయంత్రమే వచ్చాడు!

డిసెంబరు 16

కూరలో ఉప్పు తగ్గిందట.

డిసెంబరు 19

రాయడానికి తీరిక లేదు. గురక వింటూ వాక్యం కుదరదు.

డిసెంబరు 25

మూడేళ్ల తర్వాత క్రిస్మస్‌కు ఇంట్లో ఉన్నాడు. చేపల పులుసు, దోసెలు. మా వీధిలో పొట్టేలు కూర వాసన లేని ఇల్లు మాదొక్కటే. కొరమీను ముక్క నోట్లో పెట్టుకుని అత్తమ్మ "పొట్టేలు కంటే ఇదే బాగుంది" అన్నది. అబద్ధం. పండగ పూట కదా, మేమిద్దరం అవునన్నాం. మధ్యాహ్నం పెంచల్ గిన్నె నిండా పొట్టేలు కూర పంపించాడు. అత్తమ్మ తినలేదు, అది తను పెంచిందేనేమోనని. మేమిద్దరం తిన్నాం. దేవుడు క్షమించాలి, చాలా బాగుంది.

జనవరి 3, బాకీల శనివారం

డైరీలో తేదీలు అయిపోయాయి. వెనక చిరునామాల కోసం వదిలిన పేజీలో రాస్తున్నాను.

కాంట్రాక్టరు డబ్బు నిన్న పడింది. ఇవాళ డీజిలు బిల్లు మొత్తం కట్టేశాం. గడువు ఇంకా ఉంది, అయినా ఆదివారం ఉంది కదా. "అయిపోయిందా? అంతా?" అని అత్తమ్మ అడిగింది. అయిపోయిందని ఫోన్ చూపించాను. అక్షరాలు కనిపించకపోయినా తృప్తిగా చూసింది. చేతిసంచి తీసుకుని వీధి బాకీలు తీర్చడానికి బయల్దేరింది. రేపు ముందు వరసలో కూర్చుంటుందట.

ఆయన గడప మీద కూర్చుని, "మే, ఇంకెవరికన్నా బాకీ ఉండామా?" అన్నాడు.

"నువ్వు నాకు ఉండావు" అన్నాను. నోరు జారింది. ఇన్నాళ్లూ ఈ డైరీకి కూడా చెప్పలేదు.

"ఏం బాకీ?"

"మూడేండ్ల సాయంత్రాలు."

ఆయన నవ్వలేదు. తన చేతులు చూసుకున్నాడు. స్టీరింగు పట్టి పట్టి కాయలు కాసిన చేతులు. "అమ్మ లెక్క ప్రకారం రేపటిలోపు మొత్తం తీర్చేయాల గదా. ఎట్టా తీర్చేది?" అన్నాడు.

"అత్తమ్మ కార్డు దీనికి వద్దు" అన్నాను. "ఇది క్రెడిట్ కార్డు లెక్క. రోజుకొక సాయంత్రం కట్టు చాలు. మిగతాది వడ్డీ వేసి జరుపుతా పోతాను. నేను చచ్చేదాకా తీరకూడదు."

"తీర్చను" అన్నాడు. "ప్రమాణం."

లేచి స్నానానికి వెళ్లాడు.

ఇప్పుడే లోపలికి వెళ్లి చూశాను. తడి తువ్వాలు మంచం మీద ఉంది. దాని పక్కనే కూర్చుని ఇది రాస్తున్నాను.